ముందు తెలియాలా, ముందు మాట్లాడాలా?

వాదన ఒక కాగితం దగ్గర మొదలైంది. జహీరాబాద్‌లో డిగ్రీ విద్యార్థులకు రెండు రోజుల శిక్షణ ఇవ్వడానికి హైదరాబాద్ నుంచి వచ్చిన మేనల్లుడు తయారు చేసుకున్న కార్యక్రమం అది. సాఫ్ట్‌వేర్ కంపెనీల ఉద్యోగులకు మాటతీరు మీద, ఆత్మవిశ్వాసం మీద క్లాసులు చెప్పడం అతని వృత్తి. ఇంటర్ చదివే రోజుల్లో యండమూరి ‘విజయానికి ఐదు మెట్లు’ పట్టుకుని తిరిగిన తరం. మేనత్త సర్కారు బడిలో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరయింది. భోజనాలయ్యాక కళ్లద్దాలు పెట్టుకుని ఆ కాగితం చదివింది. మొదటి రోజు పొద్దున ‘నేను ఎవరు?’ అని ఒక గంట. ఆ తర్వాత ఐదు బలాలు, ఐదు బలహీనతలు రాయాలి. పిల్లలు నోరు తెరిచేది రెండో రోజు మధ్యాహ్నం, అదీ మనిషికి రెండే నిమిషాలు.

“ఉల్టా ఉన్నది,” అందామె.

“ఏది ఉల్టా అత్తమ్మా?”

“మొత్తం. మాట్లాడనియ్యకుండనే నువ్వెవరో రాయమంటున్నవ్. ఏం రాస్తరు? నలుగురూ చెప్పిందే రాస్తరు. మొహమాటం, భయం, ఇంగ్లిష్ రాదు. బడిల ఇరవై ఏండ్లు అదే విన్నరు, అదే రాస్తరు.”

మేనల్లుడు ఇలాంటి అభ్యంతరాలు చాలా చూసినవాడు. తొణకలేదు. మనిషికి తన గురించి తనకు తెలియకుండా ధైర్యం వస్తే అది ధైర్యం కాదు, నోరు అన్నాడు. దానికి లెక్కలు కూడా తీశాడు. అమెరికన్ మనస్తత్వవేత్త టాషా యూరిక్ బృందం దాదాపు 5,000 మందిని పరిశీలించింది. తమ గురించి తమకు బాగా తెలుసని చాలామంది అనుకుంటారు గానీ, నిజంగా తెలిసినవాళ్లు నూటికి పది పదిహేను మందికి మించరని తేల్చింది. అంతకు ముందు 1999లో కార్నెల్ యూనివర్సిటీలో జస్టిన్ క్రూగర్, డేవిడ్ డన్నింగ్ విద్యార్థులకు తర్కం, వ్యాకరణం లాంటి పరీక్షలు పెట్టి, మీరెలా రాశారో మీరే చెప్పండన్నారు. వందలో 12వ మెట్టు మీద ఉన్నవాళ్లు తాము 62వ మెట్టు మీద ఉన్నామనుకున్నారు.

“మా ఆఫీసు మీటింగుల్లో గంటసేపు మాట్లాడేవాళ్లు ఈ బాపతే. పని తెలిసిన అమ్మాయి మూల కూర్చుని నోట్స్ రాసుకుంటుంది. అందుకే ముందు అద్దం చూపించాలి, తర్వాత మైకు ఇవ్వాలి.”

మేనత్త మధ్యలో అడ్డు రాకుండా విన్నది. బడి నడిపిన మనిషికి అది అలవాటు. తర్వాత ఒకే ప్రశ్న వేసింది. “అయితే ఆ పరీక్షల బాగ రాసినోళ్లు తమ గురించి ఏమనుకున్నరు?”

వాళ్లు తమను తాము తక్కువ వేసుకున్నారు. ఆ సంగతి మేనల్లుడికి తెలుసు, స్లైడ్‌లో మాత్రం పెట్టలేదు. తమకు తేలికగా వచ్చింది అందరికీ వచ్చే ఉంటుందనుకున్నారు వాళ్లు. మిగతావాళ్ల జవాబు పత్రాలు చేతికిచ్చి చూపించాక గానీ తమ అంచనా పెంచుకోలేదు.

“అంటే కండ్లు మూసుకుని లోపలికి చూసుకుంటే తెలువలేదు. పక్కోని కాగితం చూస్తే తెలిసింది,” అందామె. “ఇగ తక్కువ మార్కులోళ్లు ఎప్పుడు మారిన్రు?”

వాళ్లకు ఎదుటివాళ్ల పత్రాలు చూపించినా లాభం లేకపోయింది. తర్కం నేర్పాక మారారు. పని కాస్త చేతికొచ్చాక తమ పాత జవాబులు ఎంత అధ్వానమో వాళ్లకే కనిపించింది. మేనల్లుడు తెచ్చిన సాక్ష్యం మేనత్త వైపుకు నడిచిపోయింది. అలా నడిచిపోతుందని అతను ఊహించలేదు.

అతనూ ఊరుకునే రకం కాదు. “అది కాలేజీ పిల్లల పరీక్ష అత్తమ్మా. జీవితంలో ఎవరి పత్రం ఎవరు చూపిస్తారు?”

“పస్తాపూర్‌ల చూపించిన్రు.”

జహీరాబాద్ చుట్టుపక్కల ఎవరికైనా ఈ పేరు కొత్త కాదు. పట్టణాన్ని ఆనుకునే ఉంటుంది. 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అక్కడి నుంచే పనిచేస్తుంది. ఊరూరా సంఘాలు కట్టింది. సంఘాల్లో ఉన్నది చాలావరకు దళిత మహిళలు. చిన్న చెలకల్లో కొర్ర, సామ, జొన్న, సజ్జ పండించేవాళ్లు. ఈ పంటల్ని పాతకాలపు తిండి అని పక్కన పడేసిన రోజుల్లో విత్తనాలను ఇళ్లల్లో బూడిద, వేపాకు కలిపి దాచుకున్నవాళ్లు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించే నాటికి వాళ్లు ఆ పనిలో ముసలివాళ్లయిపోయారు.

ఆ సంఘాల్లోని కొందరు 1990ల చివర్లో కెమెరా పట్టుకున్నారు. మాచ్‌నూర్‌లో యునెస్కో సాయంతో రేడియో స్టేషన్ కట్టుకున్నారు. అక్షరాలు రానివాళ్లే ఎక్కువ. రేడియో కట్టడం అయితే అయింది గానీ ప్రసారానికి అనుమతి లేదు. ఆకాశ తరంగాలు ప్రజల సొత్తని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. 2002లో సర్కారు విద్యాసంస్థలకు మాత్రమే తలుపు తీసింది. స్వచ్ఛంద సంస్థలకు 2006 చివర్లో గానీ దారి దొరకలేదు. అంతదాకా ఈ మహిళలు కార్యక్రమాలు రికార్డు చేసి, క్యాసెట్లు సంఘాలకు మోసుకెళ్లి, టేప్ రికార్డర్ చుట్టూ కూర్చుని విన్నారు. చివరికి 2008 అక్టోబర్ 15న, అంతర్జాతీయ గ్రామీణ మహిళా దినాన్ని ప్రపంచం మొదటిసారి జరుపుకున్న రోజున, సంఘం రేడియో గాలిలోకి వచ్చింది. ప్రారంభించింది 1995 తీర్పు ఇచ్చిన ధర్మాసనానికి నాయకత్వం వహించిన జస్టిస్ పి.బి. సావంత్. స్టేషన్ నడిపిన ఇద్దరి పేరూ నర్సమ్మే. ఒకరు జనరల్ నర్సమ్మ, ఇంకొకరు అల్గోల్ నర్సమ్మ.

“ఈ కథ నాకూ తెలుసు,” అన్నాడు మేనల్లుడు. “కానీ నువ్వు ఒకటి దాస్తున్నావ్. ఆ సొసైటీ పెట్టినవాళ్లలో ముఖ్యుడు పి.వి. సతీశ్ దూరదర్శన్‌లో ప్రొడ్యూసర్‌గా చేసిన మనిషి. కెమెరా అంటే ఏమిటో తెలిసినవాడు పక్కన ఉన్నాడు. శిక్షణ ఇచ్చాడు. అంటే నా లాంటివాడు ఒకడు ఉన్నాడన్నమాటే కదా!”

“ఉన్నడు. కెమెరా ఎట్ల పట్టాల్నో నేర్పిండు. ‘నీ బలహీనతలు రాయి’ అన్లేదు.”

ఇది కొంచెం దెబ్బే. అతను నవ్వేశాడు గానీ వాదన వదల్లేదు. పని గురించి మాట్లాడటం వేరు, తన గురించి మాట్లాడటం వేరు అన్నాడు. రైతు మహిళ తన చేను గురించి గుక్క తిప్పుకోకుండా చెప్పగలదు, సరే. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న చేను గురించి ఉండదు. ‘మీ గురించి చెప్పండి’ అంటారు. అక్కడే నోరు ఎండిపోతుంది. ఏటా కంపెనీ ఇచ్చే సెల్ఫ్ అప్రైజల్ ఫారం సంగతీ అంతే. ఐదుకు ఎంత వేసుకోవాలో తెలియక, గొప్పలు చెప్పుకోకూడదని పెంచిన పిల్లలందరూ మూడు వేసుకుని కూర్చుంటారు. నాలుగు వేసుకున్నవాడికి జీతం పెరుగుతుంది.

మేనత్త దీనికి వెంటనే జవాబు చెప్పలేదు. తన బడిలో జరిగిన సంగతి ఒకటి చెప్పింది. తొమ్మిదో తరగతిలో ఒక పిల్ల ఉండేది, వాళ్లింట్లో అల్లం సాగు. క్లాసులో లేచి నిలబడితే తల ఎత్తేది కాదు. ఒకరోజు బడికి టేప్ రికార్డర్ వచ్చింది. పిల్లలందరి చేతా పేరు, ఊరు చెప్పించి వినిపించారు. ఆ పిల్ల తన గొంతు విని “ఇది నాది కాదు టీచర్” అని మొహం దాచుకుంది.

అది ఆ పిల్ల ఒక్కదాని బాధ కాదు. మన గొంతు మనకు గాలి ద్వారానే కాదు, పుర్రె ఎముకల ద్వారా కూడా చేరుతుంది. ఎముకల దారిలో వచ్చేటప్పుడు మంద్ర స్వరం బలంగా వినిపిస్తుంది. రికార్డులో ఆ భాగం ఉండదు కాబట్టి గొంతు పలచగా, పరాయిదిలా ఉంటుంది. ఫిలిప్ హోల్జ్‌మన్, క్లైడ్ రౌసీ అనే మనస్తత్వవేత్తలు 1966లోనే ఈ ఇబ్బంది మీద పరిశోధన రాశారు. అద్దం ముందు నిలబెట్టినా, సొంత గొంతు వినిపించినా మనిషి వెంటనే తనను ఏదో ఒక ప్రమాణంతో పోల్చుకుని లోటు లెక్క పెట్టుకుంటాడని 1972లో షెల్లీ డువాల్, రాబర్ట్ విక్‌లండ్ సిద్ధాంతం కట్టారు. మేనల్లుడు చూపిస్తానన్న అద్దం చేసే మొదటి పని అదేనన్నమాట. తక్కువ చూపిస్తుంది.

“మల్ల ఇంకొకరోజు అదే పిల్లను అడిగిన. పేరు వద్దు, ఊరు వద్దు. విత్తనం అల్లం ఎట్ల ఏరుతరో చెప్పు అన్న. చేతుల కొమ్ము పెట్టిన. ఏ కొమ్ముకు కన్ను మంచిగున్నదో, ఏది లోపల కుళ్లు పట్టిందో గోటితోని గిచ్చి చూపిచ్చింది. ఎంతసేపు మాట్లాడిందో తెల్వదు. ఆఖర్ల క్లాసుల పిల్లలు ప్రశ్నలు అడిగిన్రు. ఆ టేపు వినిపిస్తే ‘నాది కాదు’ అన్లేదు. ‘అక్కడ ఒకటి మర్చిపోయిన టీచర్’ అన్నది.”

మేనల్లుడు ఆ చివరి మాట దగ్గర ఆగాడు. నాది కాదు అనడానికీ, ఒకటి మర్చిపోయాను అనడానికీ మధ్య ఉన్న దూరమే తన వృత్తి అన్నాడు. కానీ ఆ దూరం అల్లం వల్ల తగ్గిందా, అడిగిన తీరు వల్ల తగ్గిందా అని అడిగాడు.

“అడిగిన తీరు,” అందామె. “పస్తాపూర్ కెమెరా ఆడోళ్లు దానికి మూడు షాట్లు చెప్తరు.”

ఆ మూడు షాట్ల సంగతి సినిమా పాఠాలు చెప్పేవాళ్లు కూడా తెలుసుకోదగ్గది. పైనుంచి కిందికి చూసే కోణానికి సంఘం మహిళలు పెట్టుకున్న పేరు పటేల్ షాట్. గద్దె మీద కూర్చున్న పటేల్‌కు కూలి మనిషి అలాగే కనిపిస్తుంది. కింది నుంచి పైకి చూసేది జీతానికి కుదిరినవాడు దొరను చూసే చూపు. కళ్లకు కళ్లు సమానంగా ఉండేది సంఘం షాట్, ఎందుకంటే సంఘంలో అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు. తాము తీసే సినిమాల్లో మనుషులను ఈ మూడో కోణంలోనే చూడాలని వాళ్లు పట్టుబట్టారు. పుస్తకాల్లోని హై యాంగిల్, లో యాంగిల్ అన్న పేర్లలో ఎవరు ఎవరిని చూస్తున్నారన్న ప్రశ్నే ఉండదు.

“‘మీ గురించి చెప్పండి’ అన్నది పటేల్ షాట్,” అని తేల్చేసింది మేనత్త. “టేబుల్ అవతల ముగ్గురు కూసుంటరు. వాళ్ల గురించి ఒక్క ముక్క చెప్పరు. పిల్ల చెప్పాలె. అప్పుడు నోరు ఎండితే అది పిల్ల బలహీనత అని నీ కాగితం మీద రాయిస్తవ్.”

“ఒప్పుకుంటాను. అయితే ఏం చేద్దాం? టేబుల్ అవతల ముగ్గురు కిందికి దిగరు. గచ్చిబౌలిలో చాప పరచరు. నీ సంఘం ఆ అమ్మాయి వెంట బస్సెక్కి పటాన్‌చెరు దాటి రాదు కదా! ఆమె ఒక్కతే లోపలికి వెళ్లాలి. ఆ ఒక్కదానికి నేనిచ్చే కాగితమే దిక్కు.”

ఈ వ్యాసకర్త దృష్టిలో మధ్యాహ్నం మొత్తంలో బలమైన మాట ఇదే. సంఘం గొప్పదనం చెప్పేవాళ్లు తరచూ దీన్ని తప్పించుకుంటారు. ఉద్యోగం చేసే మనిషి ఒంటరి. తోటివాళ్లే పోటీదార్లు. మేనల్లుడు ఇంకో మాట కూడా కలిపాడు. అన్ని సంఘాలూ చాప మీద కూర్చోవు. అధ్యక్షురాలు మాట్లాడి, మిగతావాళ్లు వేలిముద్ర వేసి లేచిపోయే పొదుపు సంఘాలు జిల్లాకు ఎన్ని లేవు! గుంపులో గొంతు పుట్టొచ్చు, గుంపులోనే గొంతు నొక్కుకుపోవచ్చు. మేనత్త ఈ రెండో దానికి తల ఊపింది. “అది నిజమే. నేను సూసిన,” అని వదిలేసింది.

మొదటిదానికి మాత్రం జవాబు ఉంది ఆమె దగ్గర. 2002లో దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. ఆ సీజన్‌లో ఈ కెమెరా మహిళలు వరంగల్ జిల్లాకు వెళ్లి, విత్తనం పడ్డప్పటి నుంచి పత్తి అమ్మేదాకా అవే రైతు కుటుంబాలను నెలల తరబడి వెంబడించారు. వరంగల్ రైతులకు బీటీ పత్తి మీద కోపమెందుకో చెప్పే వాళ్ల సినిమా 2003లో వచ్చింది. బీటీ పత్తి బాగోగుల మీద శాస్త్రవేత్తలకు, రైతు సంఘాలకు నేటికీ తగాదా తీరలేదు, అది వేరే సంగతి. ఆ తర్వాత వాళ్లు ఇండొనేషియా, దక్షిణాఫ్రికా, మాలి దేశాలకూ కెమెరా పట్టుకుపోయి అక్కడి పత్తి రైతులను చిత్రీకరించారు. పశ్చిమాఫ్రికాకు విమానమెక్కేటప్పుడు సంఘం మొత్తం వెంట రాలేదు.

“రాలేదు. కానీ ఏండ్ల తరబడి వాళ్ల మాట విన్నోళ్లున్నరు. ఆ వినుడు వెంట పోయింది,” అందామె. “క్యాసెట్ల కాలం మర్చిపోతున్నవ్. 1998 నుంచి 2008 దాకా గాలిలకు పోలేదు ఆ రేడియో. పక్క ఊరి సంఘంల క్యాసెట్ పెట్టి విన్నరు. విన్నోళ్లు ‘ఇది తప్పు చెప్పినవ్, మా దిక్కు సామలు గట్ల దంచరు’ అన్నరు. మల్ల రికార్డు చేసిన్రు. తన గురించి తనకు తెలిసుడు అంటే అదే కదరా. నీళ్లు పెట్టకుండ, ఎరువెయ్యకుండ మంచుకే పండే యాసంగి పంటలను సత్యం పంటలంటరు వాళ్లు. నల్లరేగడిల శనగ, కుసుమ, తెల్లజొన్న. అవి సదువుకున్నోళ్లకు తెల్వదని వాళ్లకు ఎట్ల తెలిసింది? చెప్పినప్పుడు ఎదుటోళ్లు నోరు తెరిస్తే తెలిసింది. అప్పటిదాక గది తెలివి అని కూడ అనుకోలే.”

“పదేళ్లు అత్తమ్మా! నాకు కాలేజీ ఇచ్చింది రెండు రోజులు.”

ఇద్దరూ నవ్వుకున్నారు. టీ వచ్చింది. టీ తర్వాత వాదన కాస్త పనిలో పడింది. కాగితం తిరగేసి మేనల్లుడు కొత్తగా రాయడం మొదలుపెట్టాడు. మొదటి గంటలో ముగ్గురేసి పిల్లలు కూర్చోవాలి. తనకు బాగా వచ్చిన పని ఒకటి ఒకరు మిగతా ఇద్దరికీ నేర్పాలి. బండి పంక్చర్ వేయడం కావచ్చు, జొన్నరొట్టె చేత్తో కొట్టడం కావచ్చు, ఎక్సెల్ షీట్ కావచ్చు. వింటున్న ఇద్దరూ అర్థం కానిది అడగాలి, ఆ పని తమకు వచ్చో రాదో చెప్పాలి. మేనత్త ఇక్కడ ఒక షరతు పెట్టింది. బాగుంది, సూపర్ లాంటి మాటలు వద్దు. ఏమి కొత్తగా తెలిసిందో అదే చెప్పాలి.

‘నేను ఎవరు?’ గంటను తీసేయమందామె. మేనల్లుడు ఒప్పుకోలేదు. రెండో రోజు మధ్యాహ్నానికి మార్చాడు. మాట్లాడి, విన్నాక రాస్తే ఆ కాగితం మీద మొహమాటం, భయం కాకుండా ఇంకేదైనా పడుతుందని అతని ఆశ. ఎందుకు ఆగిపోయాను అని కాకుండా ఎక్కడ ఆగాను, అప్పుడు ఎదురుగా ఎవరున్నారు అని రాయిస్తానన్నాడు. యూరిక్ కూడా ‘ఎందుకు’ కన్నా ‘ఏమిటి’ అని అడుక్కున్నవాళ్లే తమను సరిగ్గా తెలుసుకుంటారని చెప్పింది. ఆ మార్పు మేనత్తకు నచ్చింది. ఎదురుగా ఎవరున్నారన్న ప్రశ్న కింద గీత కూడా గీసింది.

బలాలు, బలహీనతల జాబితా మీద మాత్రం రాజీ కుదరలేదు. అప్రైజల్ ఫారంలో అది తప్పదంటాడు అతను. ఫారమే తప్పంటుంది ఆమె. ఈ విషయంలో ఆమెది కొంచెం మొండితనమే. ఫారం నింపాల్సినవాళ్లకు ఫారం తప్పని చెబితే రేపటి పని గడవదు.

లేచే ముందు ఆమె ఇంకో ప్రశ్న వేసింది. “మాట్లాడేటోళ్లకు ఇన్ని క్లాసులు చెప్తున్నవ్. టేబుల్ అవతల కూసున్న ముగ్గురికి ఎన్నడన్న చెప్పినవా?”

లేదన్నాడు. ఇన్నేళ్లలో ఏ కంపెనీ అలాంటి క్లాసు అడగలేదట. అడగనిదానికి బిల్లు వేయలేమని కూడా అన్నాడు.

కాబట్టి ఈ విన్నపం ఉద్యోగాలు ఇచ్చేవాళ్లకు, కాలేజీల్లో ప్లేస్‌మెంట్లు చూసే అధ్యాపకులకు. ఈ ఏడాది జహీరాబాద్‌కో, సంగారెడ్డికో క్యాంపస్ ఎంపికలకు వచ్చినప్పుడు ‘మీ గురించి చెప్పండి’ అన్న ప్రశ్నను ఒక్క పూట పక్కన పెట్టండి. మీ పేరు, మీరు చేసే పని ముందు మీరే చెప్పండి. ఆ తర్వాత ఎదుట కూర్చున్న అమ్మాయికి బాగా వచ్చిన పని ఏమిటో అడిగి, దాన్ని మీకు నేర్పమనండి. అర్థం కానిచోట అర్థం కాలేదని చెప్పండి. మార్కులు ఆ తర్వాత వేసుకోవచ్చు.